జెట్టీలో కట్టిన బోటులో డీజిల్ తగ్గుతోందా? సమస్య - పరిష్కారం

వేట ముగించి జెట్టీకి కట్టిన బోటులో తెల్లారేసరికి డీజిల్ తగ్గితే ముందుగా నోట వచ్చే మాట దొంగతనం. చాలాసార్లు అది నిజమే. అయితే కారుతున్న పైపు, ఒక పక్కకు ఒరిగిన బోటు, పక్క టాంకులోకి తెరిచి ఉన్న రిటర్న్ లైను (ఇంజన్ నుంచి డీజిల్ వెనక్కి వచ్చే పైపు) కూడా అచ్చం దొంగతనంలాగే కనిపిస్తాయి. అందుకే తాళం కొనడానికి ముందు కొలత కుదురుగా ఉండాలి. రాసిపెట్టిన కొలత లేకపోతే ఎంత పోయిందో, ఏ రాత్రి పోయిందో తేల్చలేం. పోలీసుల దగ్గరికి వెళ్లినా చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ రాసింది విశాఖ, కాకినాడ, గిలకలదిండి, నిజాంపట్నం లాంటి హార్బర్లలో కట్టే మెకనైజ్డ్ బోట్లను దృష్టిలో పెట్టుకుని. చిన్న మోటారు బోట్ల సంగతి చివర్లో ఉంది.

ముందు డిప్పు

డిప్పు అంటే టాంకులోకి కొలత కర్ర (డిప్ స్టిక్) దించి, తడి గీత చూసి డీజిల్ మట్టం తెలుసుకోవడం. టాంకు నలుచదరంగా ఉంటే లెక్క తేలిక. లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 200 సెం.మీ. పొడవు, 100 వెడల్పు, 100 ఎత్తు ఉన్న టాంకు 2,000 లీటర్లు పడుతుంది. అంటే డిప్ స్టిక్ మీద ఒక సెంటీమీటరు 20 లీటర్లు. 62 దగ్గర ఉన్న తడి గీత 57కి దిగితే 100 లీటర్లు పోయినట్టు. టాంకు అడుగు బోటు ఆకారానికి తగ్గట్టు ఏటవాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు. ఖాళీ టాంకులో 100 లీటర్ల చొప్పున పోస్తూ, పోసిన ప్రతిసారీ స్టిక్ మీద రంపంతో సన్నటి గాటు పెట్టుకోవాలి. పెన్నుతో గీసిన గీత డీజిల్‌కు నెల తిరక్కుండా చెరిగిపోతుంది.

కట్టగానే ఒకసారి, మళ్లీ బయల్దేరే ముందు ఒకసారి డిప్పు చూసి తేదీ, టైము, సెంటీమీటర్లు, ఇంజన్ అవర్ మీటరు అంకె పుస్తకంలో రాయాలి. డ్రైవరు, ఓనరు ఇద్దరూ సంతకం పెడితే రేపు మాటా మాటా పెరగదు.

డిప్పు తగ్గింది, ఎక్కడా గుర్తు లేదు

మొదట బోటు నిటారుగా ఉందో లేదో చూడండి. పాటుకు నీళ్లు తీసి బోటు బురద మీద కూర్చున్నా, పక్క బోటు తాడు బిగుసుకున్నా ఒరుగుతుంది. డిప్పు రంధ్రం టాంకు నడిమికి 40 సెం.మీ. పక్కన ఉందనుకుందాం. బోటు 5 డిగ్రీలు ఒరిగితే స్టిక్ మీద మూడున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. పైన చెప్పిన టాంకులో అది 70 లీటర్లు! ఒక్క చుక్క పోకుండానే 70 లీటర్ల అనుమానం కళాసీల మీద పడుతుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు, తాళ్లు వదులు చేసి మళ్లీ కొలవండి. ఇంజన్ రూములో చిన్న స్పిరిట్ లెవెల్ ఒకటి మేకుకు తగిలించి ఉంచితే ఈ గొడవే ఉండదు.

రెండోది వేడి. డీజిల్ చల్లబడితే ముడుచుకుంటుంది. 1,000 లీటర్లకు 10 డిగ్రీల తేడాకు సుమారు 8 లీటర్లు. మిట్ట మధ్యాహ్నం నింపిన 2,000 లీటర్లు రాత్రి నీళ్ల చల్లదనానికి దిగాక 13 నుంచి 16 లీటర్లు తక్కువ చూపిస్తే అది దొంగ పని కాదు.

మూడోది రిటర్న్ పైపు. ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్ ఏ టాంకు నుంచి తీస్తున్నామో దానిలోకే వెళ్లాలి. వాల్వు తప్పుగా తెరిచి ఉంటే ఒక టాంకు తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. రెండు టాంకుల డిప్పూ కలిపి చూడకుండా ఎవరినీ ఒక్క మాట అనకండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే లీకు వెతకాలి. బోటు అడుగున చేరిన నీళ్ల మీద తెల్ల కాగితం ఆనించి తీయండి. జిడ్డు మరక, వాసన ఉంటే పైపు యూనియన్ల కింద ఒక్కోచోట పొడి కాగితం పెట్టి రాత్రంతా వదిలేయండి. తడిసిన కాగితమే చోటు చూపిస్తుంది. బయట ఎక్కడా తడి లేకపోతే ఇంజన్ ఆయిల్ డిప్పు తీసి చూడాలి. ఆయిల్ మట్టం పెరిగి, పల్చబడి, డీజిల్ వాసన కొడుతుంటే ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరిగి డీజిల్ సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చోటికి) దిగుతోందన్నమాట. ఆ స్థితిలో ఇంజన్ స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. పంపు మార్చి, ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాకే తాళంచెవి తిప్పండి.

ఫిల్లర్ మూత తాళం చెక్కు చెదరలేదు, డీజిల్ మాత్రం లేదు

ఎక్కువ మందికి అంతుపట్టనిది ఇదే. మంచి తాళం వేసి మూతను కాపాడుకుంటాం, దొంగ అసలు మూత జోలికే రాడు. టాంకుకు ఉన్న దారులన్నీ ఒకసారి లెక్కపెట్టండి: నింపే మూతి, డిప్పు రంధ్రం, గాలి పైపు, లెవెల్ పైపు, అడుగు డ్రెయిన్, డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది కాక్, క్లీనింగ్ మూత.

అన్నింటిలోకీ ప్రమాదం లెవెల్ పైపు. టాంకు పక్కన నిలువుగా ఉండే ఆ పారదర్శక ప్లాస్టిక్ గొట్టం పై కొన లాగి కిందికి వంచితే చాలు, డీజిల్ తనంతట తానే క్యాన్‌లోకి దిగుతుంది. పని అయ్యాక మళ్లీ తగిలించేస్తే చూడటానికి ఏమీ జరిగినట్టుండదు. దగ్గరగా చూస్తే మాత్రం ఆనవాలు దొరుకుతుంది. గొట్టం చివర క్లిప్పు పాత అచ్చు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది, క్లిప్పు స్క్రూ గాడిలో తుప్పు పోయి కొత్త మెరుపు ఉంటుంది. దీనికి మందు ఒకటే. గొట్టం అడుగున బాల్ వాల్వు పెట్టి, మట్టం చూసేటప్పుడు మాత్రమే తెరవాలి. జెట్టీలో ఉన్నప్పుడు వాల్వు మూసి పిడి ఊడదీసి ఇంటికి తీసుకెళ్లాలి. వదిలేస్తే తానే మూసుకునే స్ప్రింగు కాక్ దొరికితే ఇంకా మంచిది.

అడుగు డ్రెయిన్‌కు తాళం పట్టే రంధ్రం ఉన్న బాల్ వాల్వు వేసి, దాని బయటి నోటికి మరతో బిగించే ఇత్తడి ప్లగ్గు పెట్టండి. ప్లగ్గు ఉంటే వాల్వు ఎవరైనా తిప్పినా చుక్క రాదు. సెపరేటర్ కాక్‌కు ప్లగ్గుతో పాటు సన్నటి తీగ సీలు చాలు.

గాలి పైపు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. అందులోంచి గొట్టం దూరుస్తున్నారని గుడ్డ కుక్కో, మూత బిగించో మూసేస్తారు. బోటు బయల్దేరి కొంతదూరం వెళ్లాక ఇంజన్ దమ్ము తగ్గి ఆగిపోతుంది. టాంకులోకి గాలి రాక డీజిల్ కదలదు మరి. గాలి పైపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. పై కొనను గొడుగు కర్రలా కిందికి వంచి, నోటికి సన్నటి ఇత్తడి జల్లెడ బిగించండి. ఆ వంపులోంచి గొట్టం దూరడం కష్టం. జల్లెడ నిప్పురవ్వను కూడా ఆపుతుంది. ఉప్పు పేరుకుంటుంది కాబట్టి నెలకోసారి కడగాలి.

గొట్టం పెట్టి లాగడం గురించి ఒక మాట. సైఫన్ పనిచేయాలంటే క్యాన్ టాంకులోని మట్టం కన్నా కింద ఉండాలి. డెక్ కింద ఇంజన్ రూములో ఉన్న పెద్ద టాంకు నుంచి డెక్ మీది క్యాన్‌లోకి సైఫన్ ఎక్కదు. అందుకే దొంగ చేతిపంపో, చిన్న 12 వోల్టుల పంపో తెస్తాడు. ఆ చిన్న పంపు నిమిషానికి 40 లీటర్ల దాకా తోడుతుంది, 200 లీటర్లకు అయిదు నిమిషాలు చాలు. దానికి కరెంటు ఎక్కడిది? మీ బోటు బ్యాటరీదే. జెట్టీకి కట్టగానే బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్ (బ్యాటరీ కరెంటును పూర్తిగా ఆపే స్విచ్) తీసి, దాని చెవి జేబులో వేసుకోండి. బ్యాటరీ పెట్టెకు కూడా తాళం ఉండాలి. ఇంజన్‌కు పైన ఎత్తులో డే టాంకు (రోజువారీ వాడకానికి పెట్టే చిన్న టాంకు) ఉంటే మాత్రం సైఫన్ భయం పూర్తిగా ఉంది. కట్టేటప్పుడు అందులోది వీలైనంత తక్కువ ఉంచండి.

గొళ్లెం ఊడిపోయి ఉంది

తాళం గట్టిదే, గొళ్లెం పట్టీ చెక్క స్క్రూలతో ఉంటే చిన్న గడ్డపారకు స్క్రూలతో సహా లేచి వస్తుంది. 8 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు డెక్ ఆరపార దూర్చి, లోపలి వైపు 3 మి.మీ. మందం ప్లేటు పెట్టి నట్టులు బిగించాలి. ఫైబర్ డెక్ అయితే ఆ ప్లేటు మరీ అవసరం. ఇంజన్ రూము తలుపు కీలు పిన్నులు బయటికి కనిపిస్తుంటే తాళం దండగ. పిన్ను తలలను లోపలి వైపు మార్చాలి. మామూలు ఇనుప తాళాన్ని ఉప్పుగాలి కొన్ని వారాల్లోనే తినేస్తుంది. ఇత్తడి ఒళ్లు, స్టెయిన్‌లెస్ కొక్కెం ఉన్న తాళం కొని, చెవి రంధ్రంలో నెలకోసారి నాలుగు చుక్కల నూనె వేయండి.

గొళ్లెం కోసం టాంకు మీద వెల్డింగ్ మాత్రం చేయించకండి. డీజిల్ ఖాళీ చేసినా లోపల గోడలకు అంటిన జిడ్డు వేడికి ఆవిరై పేలుతుంది. టాంకు చుట్టూ పట్టీ వేసి బోల్టులతో బిగించేలా చేయించుకోండి. వెల్డింగ్ తప్పనిసరైతే టాంకు బయటికి తీయించి, ఆవిరితో కడిగి, గాలి పరీక్షించి చేసే షాపుకే ఇవ్వాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకు ఎలా పాకాయో అందరం చూశాం. బోట్లలోని డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఆ మంటకు తోడయ్యాయి. దొంగ భయంతో డీజిల్‌ను క్యాన్లలో పోసి డెక్ మీద, నిద్రపోయే చోట దాచడం కూడా ఈ కారణంగానే వద్దు.

డిప్పు తగ్గలేదు, కానీ ఇంజన్ తుమ్ముతోంది

డీజిల్ తీసి నీళ్లు పోసి మట్టం సరిచేసే వాళ్లూ ఉన్నారు. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. బంకుల్లో వాడే వాటర్ ఫైండింగ్ పేస్టును డిప్ స్టిక్ అడుగు కొనకు రాసి, నిమిషం పాటు టాంకు అడుగుకు తాకించి తీయండి. రంగు మారిన మేరకు నీళ్లున్నాయి. గాలి తేమ వల్ల చేరే నీరు మామూలుగా కొద్దిగానే ఉంటుంది. సెంటీమీటర్లలో కనిపిస్తే డెక్ మీది మూత కారుతోందా చూడండి, అది బాగుంటే ఎవరో పోశారు. స్టార్ట్ చేయకండి. అడుగు డ్రెయిన్ తెరిచి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా డబ్బాలోకి దించి, సెపరేటర్ ఖాళీ చేసి, ఫిల్టర్లు మార్చండి. ఆ మురుగును హార్బర్ నీళ్లలో పారబోయొద్దు.

కట్టి ఉన్నప్పుడు బాగానే ఉంది, ప్రతి ట్రిప్పుకూ ఎక్కువ తాగుతోంది

ఇది జెట్టీ సమస్య కాదు. డీజిల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగుతుంది. 100 హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి లోడు మీద 20 లీటర్లు, అరవై శాతం లోడు మీద 12 లీటర్ల దగ్గర ఉంటుంది. అవర్ మీటరు గంటలతో గుణించి డిప్పుతో పోల్చండి. తేడా ఉంటే బోటు అడుగున పట్టిన గుల్లలు, వంగిన ప్రొపెల్లర్, కారే ఇంజెక్టర్ ముందు చూడాలి. బంకులో పోసిందే తక్కువేమో కూడా చూసుకోవాలి. ముద్ర వేసిన 5 లీటర్ల కొలత పాత్రతో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు.

కళాసీలను మొదటే అనుమానించడం నష్టం. డీజిల్ ఖర్చు తీసేశాకే వాటాలు పంచే చోట పోయిన ప్రతి లీటరూ వాళ్ల జేబులోంచి కూడా పోతుంది. లెక్క పుస్తకం వాళ్ల ముందే తెరిచి పెడితే కాపలా కాసేది వాళ్లే.

వేట నిషేధం 61 రోజులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు వరుసగా ఒకదానికొకటి కట్టి ఉంటాయి. ఒడ్డు నుంచి చివరి బోటుకు అయిదారు డెక్‌లు దాటి నడిచి వెళ్లొచ్చు, నీటి వైపు నుంచి చప్పుడు లేకుండా తెప్ప మీదా రావచ్చు. అందుకే ఒడ్డు వైపు ఒక్క లైటు పెట్టి ఊరుకుంటే లాభం లేదు. నీటి వైపు కూడా కదలికకు వెలిగే సోలార్ లైటు ఉండాలి.

ఈ రెండు నెలలకు టాంకులో తక్కువ డీజిల్ ఉంచడమే మా సలహా. సగం ఖాళీ టాంకులో తేమ చేరుతుంది, నిజమే. కానీ జూన్‌లో కాసిన్ని నీళ్లు దించుకోవడం 1,500 లీటర్లు పోగొట్టుకోవడం కన్నా నయం. ఏప్రిల్ రెండో వారం ట్రిప్పుకు సరిపడా మాత్రమే పోయించుకోండి.

తలుపుకు మాగ్నెట్ స్విచ్, సైరన్ పెడితే మోగనప్పుడు అలారం 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకున్నా 61 రోజులకు 29 ఆంపియర్ అవర్లు అవుతుంది. దానికి వేరే చిన్న బ్యాటరీ, 20 వాట్ల సోలార్ పలక పెట్టండి. స్టార్టింగ్ బ్యాటరీకి కలిపితే ఐసొలేటర్ తీయగానే సైరన్ కూడా చచ్చిపోతుంది. నలుగురైదుగురు ఓనర్లు కలిసి ఒక కాపలా మనిషిని పెట్టుకుంటే, అతను రోజూ చూడాల్సింది మూతలకు, కాక్‌లకు వేసిన సీళ్ల మీది నంబర్లు. మూతకూ దాని మూతికీ కలిపి ఒక్క పెయింటు గీత గీసి ఉంచండి. ఎవరు తిప్పినా గీత కలవదు.

చిన్న మోటారు బోట్లు

అవుట్‌బోర్డ్ బోటుకు తాళాలకన్నా మంచి ఉపాయం, ఊడదీసుకెళ్లే టాంకును గొట్టంతో సహా ఇంటికి తీసుకెళ్లడం. ఇంట్లో పెట్రోలు 30 లీటర్లకు మించి ఉంచకూడదు. టాంకును పొయ్యి, దీపం ఉన్న గదిలో పెట్టకండి.

పోయిందని తేలాక

డెక్ కడగకండి. కాలి ముద్రలు, తెగిన సీలు, డిప్ స్టిక్ తడి గీత పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి. 112కు ఫోన్ చేయండి, లేదా లెక్క పుస్తకంతో దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. తమ పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కిందికి వస్తుంది. లీటర్లు, చివరిసారి కొలిచిన టైము, పోయినట్టు చూసిన టైము, ఈ మూడూ ఫిర్యాదులో ఉండాలి.

టాంకు అడుగు దాకా తోడేసి ఉంటే మురికి లేచి ఉంటుంది, పైపుల్లోకి గాలి చేరి ఉంటుంది. కొత్త డీజిల్ పోసి గంటసేపు కుదురుకోనిచ్చి, అడుగు నుంచి రెండు లీటర్లు దించండి. ఫిల్టరు మార్చి, దాని మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఒక మర వదులు చేసి, చేతి ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో తోసే చిన్న పంపు) కొడుతూ ఉండండి. నురగ ఆగి డీజిల్ సన్నటి ధారగా రాగానే స్క్రూ బిగించి, అప్పుడు స్టార్టర్ నొక్కండి.