మెమరీ తక్కువైనప్పుడే ఫైల్‌సిస్టమ్ ఎందుకు కూలుతోంది?

మీ లినక్స్ ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ రోజూ చక్కగా మౌంట్ అవుతోంది. మెమరీ కటకటగా ఉన్న మెషిన్‌లో మాత్రం కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఊప్స్ కొడుతోంది, అంటే లోపల తప్పు జరిగిందని రిపోర్ట్ ఇస్తోంది. టెన్షన్ పడకుండా ముందు ఊప్స్ చూపించిన అడ్రస్ చూడండి.

సమస్య: హెక్సాడెసిమల్‌లో చూపే ఆ అడ్రస్ నిండా ఎఫ్‌లే, చివర 4.

కారణం: 64 బిట్లలో అది మైనస్ 12. అంటే ఈనోమెమ్, మెమరీ దొరకలేదన్న ఎర్రర్. కెర్నెల్‌లో చాలా ఫంక్షన్లు ఎర్రర్ నంబర్‌నే పాయింటర్‌గా (మెమరీ అడ్రస్‌గా) మార్చి ఇస్తాయి. మీరు నల్ (సున్నా అడ్రస్) అవునా కాదా అని మాత్రమే చూశారు. అది నల్ కాదు కాబట్టి కోడ్ ముందుకెళ్లి, ఐనోడ్‌లోని (ఫైల్ వివరాలు ఉంచే స్ట్రక్చర్‌లోని) మొదటి ఫీల్డ్ ఐ_మోడ్ చదవబోయి కూలింది. లోపలి ఫీల్డ్ చదివితే దాని ఆఫ్‌సెట్ (మొదటి నుంచి దూరం) కలిసి అడ్రస్ చాలా చిన్నదిగా కనబడవచ్చు. అప్పుడు నల్ పాయింటరే అనుకుని పొరపడే ప్రమాదం ఉంది.

పరిష్కారం: పిలిచిన ప్రతి ఫంక్షన్ ఏమిస్తుందో దాని కోడ్ తెరిచి చూడండి. కేమాలాక్, ఎస్‌బీ_బ్రెడ్, ఐగెట్_లాక్డ్ విఫలమైతే నల్ ఇస్తాయి. ఎక్స్‌టీ4_ఐగెట్ ఎర్రర్ పాయింటర్ ఇస్తుంది, దాన్ని పట్టుకోవడానికి ఇజ్_ఎర్ తనిఖీ వాడాలి. ఎందుకైనా మంచిదని అంతటా ఎర్రర్, నల్ రెండూ చూసే ఇజ్_ఎర్_ఆర్_నల్ పెట్టేయకండి. నల్ వచ్చినప్పుడు, పాయింటర్ నుంచి ఎర్రర్ నంబర్ తీసే పీటీఆర్_ఎర్ సున్నా ఇస్తుంది, విఫలమైన పని సక్సెస్ అయినట్టు పైకి చేరుతుంది. ఊప్స్ కన్నా ఇదే ప్రమాదం.

సమస్య: ఫైల్ రాస్తుండగా మెషిన్ బిగుసుకుపోతుంది.

కారణం: ట్రాన్సాక్షన్ (ఒకే గుంపుగా జరగాల్సిన మార్పులు) మధ్యలో జీఎఫ్‌పీ_కెర్నెల్ అనే మామూలు ఫ్లాగ్‌తో మెమరీ అడిగారు. మెమరీ ఖాళీ చేసే క్రమంలో కెర్నెల్ మళ్లీ మీ ఫైల్‌సిస్టమ్‌లోకే వచ్చి, మీరు పట్టుకున్న లాక్ కోసమే ఆగింది.

పరిష్కారం: ట్రాన్సాక్షన్ మొదట్లో మెమాలాక్_నోఎఫ్ఎస్_సేవ్, చివర రిస్టోర్ పిలవండి; ఈ రెంటి మధ్య మెమరీ అడిగినా కెర్నెల్ ఫైల్‌సిస్టమ్‌లోకి తిరిగి రాదు. దీనికి బదులు ప్రతి కాల్‌లో అదే పని చేసే జీఎఫ్‌పీ_నోఎఫ్ఎస్ ఫ్లాగ్ రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకటి తప్పిపోతుంది.

సమస్య: మౌంట్ విఫలమయ్యాక బిజీ ఐనోడ్స్ అన్న హెచ్చరిక.

ఎర్రర్ దారిలో ఐపుట్ (తీసుకున్న ఐనోడ్‌ను వదిలే కాల్) మరిచారు. తీసుకున్న క్రమానికి సరిగ్గా తిరుగు క్రమంలో గోటో లేబుళ్లు పెట్టి వదిలేయండి. రూట్ డైరెక్టరీ ఎంట్రీ తయారుచేసే డీ_మేక్_రూట్ ఇక్కడ మినహాయింపు: విఫలమైతే ఐనోడ్‌ను అదే వదిలేస్తుంది, మీరు మళ్లీ ఐపుట్ చేయకూడదు.

ఇవన్నీ మామూలు టెస్టుల్లో బయటపడవు, చిన్న కేటాయింపులు దాదాపు ఎప్పుడూ విఫలం కావు కనుక. కేటాయింపులను కావాలని విఫలం చేసే ఫెయిల్‌స్లాబ్ ఆన్ చేసి, టాస్క్ ఫిల్టర్‌తో మౌంట్ ప్రాసెస్‌కు మాత్రమే కేటాయింపులు విఫలమయ్యేలా పెట్టండి. పక్కనే, వదలని మెమరీని కనిపెట్టే కేమెమ్‌లీక్ కూడా నడపండి.