డాక్టరుకు ఇంటి నుంచి రీడింగులు పంపే ముందు

☐ బీపీ చూసే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి: వీపు ఆనించి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో. పట్టీని చొక్కా మీద కాదు, చర్మం మీదే చుట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ పంపండి. ఎక్కువ వచ్చిందని దాచొద్దు, డాక్టరుకు కావలసింది అదే.

☐ ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న పరికరం) పెట్టే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు. వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి.

☐ పంపే ముందు డాక్టరు ఫోన్ నంబరే అవునో కాదో మరోసారి చూసుకోండి. టెన్షన్‌లో రిపోర్టు వేరే వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోతుంది.

☐ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

☐ ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోకండి. వెంటనే అంబులెన్స్ పిలవండి.