ఎంఆర్‌ఐలో డిస్క్ కనబడింది, తెరిచిన చోట లేదు

పొడవాటి వీపు, పొట్టి కాళ్ల డాష్‌హండ్ కుక్క వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అంటే డిస్క్, జారి వెన్నుపామును నొక్కుతోందేమో చూడటానికి మత్తిచ్చి ఎంఆర్‌ఐ తీస్తాం. ఆ తర్వాత మన పశువైద్యులు చిక్కుకునే చోట్లు ఇవి.

ఎంఆర్‌ఐలో ఏమీ లేదు

ఎక్కువసార్లు తీసిన చోటే తప్పు. బల్ల ఎక్కించకముందు కుక్కను చేత్తో పరీక్షించారా? ముందు కాళ్లు కూడా తడబడుతుంటే ముందు మెడ చూడాలి. ముందు కాళ్లు బాగుండి, మోకాలి రిఫ్లెక్స్ మామూలుగానో ఎక్కువగానో ఉంటే టీ3 నుంచి ఎల్3 వరకు చూడాలి (టీ అంటే ఛాతీ పూస, ఎల్ అంటే నడుము పూస). రిఫ్లెక్స్ తగ్గితే ఎల్4 నుంచి వెనక్కి. ఫోర్సెప్స్‌తో వీపు చర్మాన్ని నడుము దగ్గర మొదలుపెట్టి తల వైపు గిల్లుకుంటూ రండి. చర్మం అదరడం ఎక్కడ మొదలైతే, దెబ్బ అక్కడికి కొన్ని పూసలు ముందు, తల వైపు ఉంటుంది. రెండు నిమిషాల పని. దయచేసి దాటవేయకండి.

డిస్కులన్నీ నల్లగా ఉన్నాయి

టీ2 అనే రకం ఎంఆర్‌ఐ చిత్రంలో (ఇది పూస పేరు కాదు) మంచి డిస్క్ నడిమి భాగం తెల్లగా ఉంటుంది, నీరు తగ్గితే నల్లబడుతుంది. డాష్‌హండ్‌లకు ఇది చిన్న వయసులోనే వస్తుంది. నల్లబడిన డిస్క్ కాదు, వెన్నుపాము నలిగిన చోటు వెతకండి. ఏ పక్క నుంచి నలిగిందో అడ్డకోత చిత్రాల్లో తెలుస్తుంది.

రిపోర్టు చెప్పిన చోట తెరిస్తే ఏమీ లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. రిపోర్టులో టీ13-ఎల్1 అని ఉంది. చివరి పక్కటెముకను వేలితో తడిమి, అదే టీ13 అనుకుని దాని వెనక తెరిచాను. వెన్నుపాము శుభ్రంగా, మెత్తగా ఉంది. సుద్దలాంటి డిస్క్ పదార్థం ఒక్క రవ్వ కూడా లేదు. చెమటలు పట్టాయి. బల్ల మీదే ఎక్స్‌రే తీస్తే అర్థమైంది: ఆ కుక్కకు పదమూడో జత పక్కటెముకలే లేవు. నేను పట్టుకున్నది పన్నెండోది. రిపోర్టు రాసినవాళ్లు త్రికం (నడుము వెనక, కటిలో కలిసిపోయిన పూసల ఎముక) నుంచి ముందుకి లెక్కపెట్టారు, నేను పక్కటెముక నుంచి లెక్కపెట్టాను. ఇద్దరి లెక్కా ఒక పూస తేడా. డిస్క్ తోక వైపు పక్క సందులోనే దొరికింది.

మామూలుగా కుక్కకు ఛాతీ పూసలు 13, నడుము పూసలు 7. కానీ చివరి నడుము పూస త్రికంతో కలిసిపోయిన కుక్కలు, నడుము పూసలు ఎనిమిది ఉన్నవీ కనబడతాయి. మధ్యగీత వెంట నిలువుగా కోసిన ఎంఆర్‌ఐ చిత్రంలో పక్కటెముకలు కనబడవు కాబట్టి ఈ తేడా బయటపడదు.

అందుకే మత్తులో ఉండగానే ఛాతీ నుంచి కటి దాకా ఎక్స్‌రే తీయించండి, పక్క నుంచి ఒకటి, వెల్లకిలా ఒకటి. పక్కటెముకలు, నడుము పూసలు లెక్కపెట్టండి. ఎక్కడి నుంచి లెక్కపెట్టారో రిపోర్టులో రాయమని అడగండి. చర్మం మీద అంటించిన విటమిన్ ఇ క్యాప్సూల్ ఎంఆర్‌ఐలో తెల్లగా కనబడుతుంది, కానీ కుక్కను తిప్పితే చర్మం జారుతుంది. దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. కోసేముందు పూస మీది ముల్లులోకి సూది గుచ్చి ఒక ఎక్స్‌రే తీస్తే సందేహం ఉండదు.

అరుదుగా

పరుగెత్తుతూ ఒక్కసారిగా అరిచి పడిపోయి, ఒక పక్కే ఎక్కువ దెబ్బతిని, వెన్నుపాము నలగకుండా లోపల తెల్లటి మచ్చ ఉంటే అది ఆపరేషన్ కేసు కాదు. భుజాల దగ్గర మైక్రోచిప్ నల్లటి మచ్చ వేస్తుంది, నడుముకి అడ్డం రాదు.