ఊహల్లోని వేగు నౌకకు సర్వీసు చరిత్ర రాయడం ఎలా?

నేను మొదటిసారి ఒక అంతరిక్ష వేగు నౌకకు చరిత్ర రాసినప్పుడు అది ఆరేళ్లలో 17 యుద్ధాలు చేసింది. అన్నిట్లోనూ గెలిచింది. చదివిన స్నేహితుడు ఒక్కటే అడిగాడు: "ఇంతకీ ఇది ఇంధనం ఎప్పుడు నింపుకుంది?" నా దగ్గర జవాబు లేదు. మర్యాదకొద్దీ ఇంకో ప్రశ్న అడక్కుండా వదిలేశాడని తర్వాత అర్థమైంది: అన్ని యుద్ధాలు చేసేదాన్ని వేగు నౌక అనడం దేనికి?

కథ కోసమో, గేమ్ కోసమో, ఊరికే సరదాకో సైనిక వేగు నౌకలకు ఇలాంటి చరిత్రలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. పోరాటాలు రక్తి కట్టించడం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పైకి గుమస్తా నింపిన రిజిస్టర్‌లా ఉంటూనే లోపల మనుషులు మెదిలే చరిత్రను పేర్చడం ఎలాగో చెబుతాను. నేను పాటించే వరుస ఇది.

1. నౌకకు ఉద్యోగం ఇవ్వండి, ఆ ఉద్యోగం ఎలా పోతుందో కూడా రాసుకోండి

వేగు పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు: వెళ్లి చూడటం, వచ్చి చెప్పడం. రెండోది జరగకపోతే మొదటిది దండగ. కాబట్టి ఈ నౌకకు వేగం ఎక్కువ, కవచం పలచన, ఆయుధాలు అంతంతమాత్రం. ఎదురుపడితే పారిపోవాలి, అదే దాని డ్యూటీ.

సముద్రం మీద ఇలాంటివి నిజంగానే ఉండేవి. 1908లో అమెరికా నౌకాదళంలో చెస్టర్, బర్మింగ్‌హామ్, సేలం అనే మూడు స్కౌట్ క్రూయిజర్లు చేరాయి. రాడార్ లేని రోజులు. శత్రువు ఎక్కడున్నాడో తెలియాలంటే ఎవరో ఒకరు అంత దూరం వెళ్లి కళ్లతో చూసి రావాల్సిందే. 1910 నవంబర్ 14న ఈ బర్మింగ్‌హామ్ ముందు భాగం మీద చెక్కలతో వేదిక కట్టారు. దాని మీద నుంచి యూజీన్ ఈలీ అనే పైలట్ విమానం లేపాడు. ఓడ మీద నుంచి విమానం ఎగరడం అదే మొదలు. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో సముద్రం మీద వేగు పని చాలావరకు విమానాల చేతికి వెళ్లిపోయింది. తన పొట్ట కొట్టబోయేదాన్ని ఆ ఓడే సాగనంపిందన్నమాట. 1923లో దాన్ని సేవల నుంచి తప్పించారు, 1930లో తుక్కు కింద అమ్మేశారు.

మీ నౌకకు కూడా ఇలాంటి బర్మింగ్‌హామ్ ఘట్టం ఒకటి కావాలి. దాని పనిని చివరికి ఎవరు లాక్కుంటారు? మనుషులు లేని చవక యంత్రాలా? ఇంట్లో కూర్చునే అంతా చూడగల పెద్ద టెలిస్కోపా? ఇది ముందే తెలిస్తే ఆఖరి పదేళ్ల ఎంట్రీలు వాటంతటవే వస్తాయి.

2. వార్త ముందా, నౌక ముందా?

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా ఉద్దేశంలో అసలు కథంతా ఇక్కడే ఉంది.

మీ లోకంలో కాంతి కంటే వేగంగా ఏదీ పోలేదనుకుందాం. టౌ సెటి నక్షత్రం మనకు సుమారు 11.9 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నౌక కాంతి వేగంలో 80 శాతంతో వెళ్తే, ఇంటి దగ్గరి లెక్కలో ప్రయాణం దాదాపు 15 ఏళ్లు. లోపలున్నవాళ్లకు గడిచేది దాదాపు 9 ఏళ్లే. (వేగం అందుకోవడానికి, తగ్గించడానికి పట్టే కాలం వదిలేశాను.) రానూపోనూ ఇంటి దగ్గర 30, నౌకలో 18. ఇరవై రెండో ఏట ఎక్కిన లెఫ్టినెంట్ నలభయ్యో ఏట దిగుతుంది. ఆమెతో కలిసి శిక్షణ పొందినవాళ్లకు 52. జీతం ఏ లెక్కన కట్టాలి? సీనియారిటీ ఎవరిది? అసలు ఆమెను పంపిన సైన్యం ఇంకా ఉందా? అందుకని ప్రతి ఎంట్రీకి రెండు తేదీలు వేయండి, ఒకటి ఇంటిది, ఒకటి నౌకది. ఆ రెండు అంకెల మధ్య తేడా పేజీ పేజీకీ పెరుగుతుంటే చాలు, మీరు ఒక్క విషాద వాక్యం కూడా రాయనక్కర్లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అక్కడి నుంచి రేడియోలో వార్త పంపితే అది 11.9 ఏళ్లలో ఇంటికి చేరుతుంది, నౌక కంటే మూడేళ్లు ముందు. అలాంటప్పుడు నౌక తిరిగి రావడం ఎందుకు? రేడియో మోగిస్తే శత్రువు వింటాడని కావచ్చు, చేతిలో పట్టుకురావాల్సిన వస్తువేదో ఉందని కావచ్చు. కారణం ఏదైనా ఒకటి ఎంచుకోండి, లేకపోతే తెలివైన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

అలా కాకుండా నౌకలు కాంతిని మించి పోగలవు, రేడియోకు మాత్రం ఆ సౌకర్యం లేదు అనుకుంటే, నౌకే తపాలా సంచి. అప్పుడు దాని రికార్డులో సగం ఎంట్రీలు ఉత్తరాలు మోసినవే అయి ఉండాలి. వీరుల చరిత్రలో పోస్ట్‌మ్యాన్ పని! నాకు మాత్రం ఈ రకమే ఇష్టం.

3. ఒక్క నౌకతో మొదలుపెట్టకండి, తరగతితో మొదలుపెట్టండి

యుద్ధ నౌకలు ఒంటరిగా పుట్టవు. ఒకే నమూనా మీద కొన్ని కడతారు, ఆ బ్యాచ్‌ని తరగతి అంటారు. దాని మొత్తం లెక్క ముందు తేల్చుకోండి.

ఈ లెక్కకు మంచి నమూనా అమెరికా ఎస్ఆర్-71 నిఘా విమానం. మొదటిసారి ఎగిరింది 1964 డిసెంబర్ 22న. మొత్తం 32 తయారు చేశారు. అందులో 12 పోయాయి, అన్నీ ప్రమాదాల్లోనే. శత్రువు ఒక్కదాన్నీ కూల్చలేకపోయాడు. 1990లో రిటైర్ చేశారు, కొన్నేళ్లకు మళ్లీ పిలిచారు, 1998లో సైన్యం పూర్తిగా వదిలేసింది. ఇంకో విచిత్రం. అంత వేగంలో ఒళ్లు కాలి రేకులు వ్యాకోచిస్తాయని అతుకుల్ని కాస్త వదులుగా బిగించారు. దాంతో నేల మీద నిలబడ్డంతసేపూ ఇంధనం బొట్లు బొట్లుగా కారేది. మీ తరగతికి కూడా ఇలాంటి జబ్బు ఒకటి అంటించండి. పుట్టుకతో వచ్చింది, నయం కానిది, అలాగని చంపనిది.

నేను కల్పించిన 'లకుముకి' తరగతి లెక్క ఇలా ఉంది. ఆర్డర్ 12కి, డబ్బు వచ్చింది 9కే. పరీక్షల్లోనే పేలింది ఒకటి. ప్రమాదాల్లో పోయినవి రెండు. జాడ తెలియనిది ఒకటి. శత్రువు చేతిలో పోయింది ఒకే ఒక్కటి. మిగతా నాలుగింట్లో రెండు తుక్కయ్యాయి, ఒకటి కుర్రాళ్ల శిక్షణకు పోయింది, ఒకటి కెమెరాలు తగిలించుకుని సర్వే పనికి మారింది. యుద్ధ నష్టాల కంటే ప్రమాదాలు, బడ్జెట్ కోతలు ఎక్కువగా కనబడాలి. లెక్క నమ్మించేది అదే.

4. మొదట చావు రాయండి

నౌక ఎలా అంతమైందో ముందు రాసుకుని వెనక్కి నడవండి. దీనికి నేను ప్రతిసారీ చూసుకునేది బీగిల్ ఓడ. డార్విన్ ఎక్కిన ఓడగా అందరికీ తెలుసు. కానీ 1820లో జలప్రవేశం చేసినప్పుడు అది 10 ఫిరంగుల యుద్ధ నౌక. ఆ తరగతిని నావికులు శవపేటికలని పిలిచేవారు. మునిగిపోతాయని పేరు మరి. మొదటి అయిదేళ్లు దానికి పనే లేదు, తెరచాప స్తంభాలు కూడా లేకుండా రేవులో పడి ఉంది. 1825లో సర్వేకు మార్చారు, ఫిరంగులు ఆరుకు తగ్గించారు, మూడో స్తంభం నిలబెట్టారు. మొదటి యాత్రలో దక్షిణ అమెరికా కొసన, 1828లో కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాడే ఫిట్జ్‌రాయ్. డార్విన్ ఎక్కిన రెండో యాత్ర 1831 నుంచి 1836 దాకా, ఆ ప్రయాణంలో ఓడలో 22 క్రోనోమీటర్లు (సముద్రం మీద కచ్చితమైన సమయం చూపే గడియారాలు) ఉన్నాయి. మూడో యాత్ర ఆస్ట్రేలియా తీరాలకు. 1845 నుంచి దొంగరవాణా మీద కాపలా కాస్తూ ఇంగ్లాండ్‌లో ఒక నది బురదలో నిలబడి ఉంది. తర్వాత పేరు కూడా తీసేసి 'కాపలా ఓడ 7' అన్నారు. 1870లో 525 పౌండ్లకు అమ్మేశారు.

యాభై ఏళ్ల బతుకులో ప్రపంచానికి గుర్తున్నవి అయిదేళ్లు. మీరు రాసే చరిత్రలోనూ నిష్పత్తి ఇంచుమించు ఇలాగే ఉంటే బాగుంటుంది. పేరు తీసేసి నంబరు తగిలించిన ఆ ఒక్క ఎంట్రీ, నావరకు, ఏ పేలుడు కంటే ఎక్కువ బాధిస్తుంది.

5. రేవులో గడిపిన కాలం లెక్కపెట్టండి

నౌకాదళాల్లో ఒక మోటు లెక్క ఉంది: ఒక ఓడ పనిలో ఉండాలంటే మూడు ఓడలు కావాలి. ఒకటి డ్యూటీలో, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలో. అంటే 21 ఏళ్లు సర్వీసు చేసిన మీ నౌక నిజంగా బయట తిరిగింది ఏడేళ్లే. నా 17 యుద్ధాలు ఈ ఒక్క లెక్కతో కూలిపోయాయి.

6. ఎంట్రీలు రాయడం

ఇక పెన్ను పట్టండి. లకుముకి-4 రికార్డులో కొన్ని వరుసలు ఇవి (ముందున్న అంకెలు ఆ లోకపు సంవత్సరాలు, ఇక్కడ ఇంటి తేదీ మాత్రమే వేశాను):

212: నిర్మాణం పూర్తి. ఎడమ రేడియేటర్‌లో లీకు. దళంలో చేరిక 7 నెలలు ఆలస్యం.
213–215: సరిహద్దు గస్తీ. విశేషాలు లేవు.
216: ఎడమ రేడియేటర్ మార్చడమైనది.
219: గస్తీ. 41 రోజులు ఇంజన్లు ఆపి ఉంచడమైనది. వెళ్లినవారు 14, వచ్చినవారు 14.
220: ఎడమ రేడియేటర్ మార్చడమైనది.
221: ఎంట్రీలు లేవు.
222: కొత్త కెప్టెన్ బాధ్యతల స్వీకారం. సిబ్బంది 9. ఎడమ రేడియేటర్ బాగానే పనిచేస్తున్నది.

రేడియేటర్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, శూన్యంలో వేడిని మోసుకుపోవడానికి గాలి లేదు. నౌక తన వేడిని పరారుణ కిరణాలుగా బయటికి విసరాల్సిందే. చుట్టూ ఆకాశం సున్నాకు దిగువన 270 డిగ్రీల చలిలో ఉంటుంది కాబట్టి వెచ్చని నౌక చీకట్లో దీపంలా కనిపిస్తుంది. దాక్కోవాలంటే రేడియేటర్లు ముడుచుకుని వేడిని కడుపులోనే దాచుకోవాలి. అప్పుడు లోపలి మనుషులు ఉడికిపోతారు. ఇది తెలిసిన పాఠకుడు 41 రోజులన్న అంకె దగ్గర ఆగుతాడు. ఆ ఎడమ రేడియేటరే గనక మొరాయించి ఉంటే, అనుకుంటాడు. అదేదీ నేను రాయలేదు చూడండి, గుమస్తాకు ఆ ఓపిక ఉండదు.

భాష కూడా గుమస్తాదే. 'మార్చడమైనది', 'స్వీకరించడమైనది', అంతే. వీరోచితం, చిరస్మరణీయం లాంటివి కనిపిస్తే కొట్టేయండి. పొగడాలనిపిస్తే పతకం పేరు, తేదీ వేసి వదిలేయండి.

7. ఒక్క చోట రికార్డును అబద్ధమాడనివ్వండి

ఒక్క చోటే. రికార్డులో 'సాంకేతిక లోపం' అని ఉంటుంది, మాజీ సిబ్బంది ఎవరో చెప్పుకున్న ముచ్చటలో ఇంకోలా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టండి, ఏది నిజమో తీర్పు చెప్పకండి. రెండు మూడు చోట్ల చేస్తే మాత్రం మొత్తం రికార్డే నమ్మబుద్ధి కాదు.

8. తేదీలు మాత్రమే చదవండి

అన్నీ అయ్యాక వాక్యాలు మూసేసి అంకెలు మాత్రం పైనుంచి కిందికి చదవండి. డాక్‌లో ఉన్న నెలలోనే గస్తీ తిరిగిందా? చనిపోయిన కెప్టెన్ రెండేళ్ల తర్వాత సంతకం పెట్టాడా? నాకు ప్రతిసారీ ఒకటో రెండో దొరుకుతాయి. పతకం ఒకసారి యుద్ధం కంటే ముందే వచ్చేసింది.

ఖాళీల కోసం వేరే నోట్‌బుక్ పెట్టుకోండి. 221లో లకుముకి-4 ఎక్కడుంది, ఆ అయిదుగురు ఏమయ్యారు అన్నది నా నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు ఉంది. అది మీకు తెలిసి ఉంటేనే 222లో ఏ మాట రాయకూడదో తెలుస్తుంది. రిజిస్టర్‌లో మాత్రం 'ఎంట్రీలు లేవు' అనే ఉండనివ్వండి.