గోడౌన్ పాఠాలు – 4: ప్యాలెట్‌ని తిరగేసి చూడండి

మీ గోడౌన్‌లో సరుకు ఎలా ఉంటుందో కాగితం మీద గీసుకు రమ్మని పోయిన పాఠంలో చెప్పాను. నేల మీద ఒకే వరసా, ఒకదాని మీద ఒకటి పేర్చడమా, రాక్‌లోనా (ఇనుప అరల్లోనా)? ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ రోజంతా దానితోనే పని. గీయనివాళ్ళు ముందు అది గీసి రండి, రెండు నిమిషాల పని.

ప్యాలెట్ అంటే సరుకు పేర్చి, దాంతోపాటే ఎత్తి కదిపే బల్లలాంటి పలక. ప్లాస్టిక్ ప్యాలెట్లు అమ్మేవాళ్ళు మనకి పైభాగం చూపిస్తారు. నీలం రంగు, నునుపు, మీ పేరు అచ్చు వేయించి ఇస్తామనే మాట, అన్నీ పైనే ఉంటాయి. మనం చూడాల్సింది అడుగు. కొట్లో నిలబడే తిరగేసి చూడండి, ఎవరేమనుకుంటారోనని మొహమాటపడకండి.

అడుగున విడివిడిగా తొమ్మిది కాళ్ళుంటే అది నేల మీద పనికి, లారీలో పంపడానికి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి, చోటు కలిసొస్తుంది, ధర కూడా తక్కువే. మూడు పొడుగు పట్టీలుంటే రాక్‌కి పనికొచ్చే అవకాశం ఉంది. చుట్టూ చట్రంలా పట్టీలుండి మధ్యలో కూడా పట్టీ ఉంటే పేర్చడానికి బాగుంటుంది, ఎందుకంటే పైదాని బరువు కిందున్న బస్తాల మీద ఒకచోటే గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. రెండువైపులా ఒకేలా ఉండేది ఫోర్క్‌లిఫ్ట్ (ముందున్న రెండు ఇనుప ఫోర్కులతో సరుకు ఎత్తే బండి) ఉన్నచోటే కొనాలి. హ్యాండ్ ప్యాలెట్ ట్రక్‌తో, అంటే చేత్తో నడిపే చిన్న ఫోర్కుల బండితో లాగేవాళ్ళు దాని జోలికి పోవద్దు. ఆ ట్రక్ ఫోర్కు కొసన చిన్న చక్రాలుంటాయి కదా, పైకి లేపినప్పుడు అవి కిందకి దిగి నేలని తన్నుతాయి. నేలకీ చక్రానికీ మధ్య ప్యాలెట్ అడుగు పలక అడ్డం వస్తే, చక్రం దాన్ని కిందకి నొక్కుతుంది, ఫోర్కు పైభాగాన్ని లేపుతుంది, ప్యాలెట్ మధ్యకి చీలుతుంది. లేపడానికి హ్యాండిల్‌ని రెండు మూడుసార్లు పంపు కొట్టాక టప్‌మని శబ్దం వస్తుంది, అంతే సంగతులు.

ఇప్పుడు బరువు లెక్క. కేటలాగ్‌లో మూడు అంకెలుంటాయి: స్టాటిక్, డైనమిక్, రాక్. ఉదాహరణకి 4000, 1500, 800 కిలోలు అనుకోండి. మొదటిది నేల మీద కదలకుండా ఉన్నప్పుడు మోసేది, రెండోది ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తినప్పుడు, మూడోది రాక్‌లో రెండు బీముల (అరని మోసే అడ్డ ఇనుప పట్టెల) మీద ఆని నడుము కింద ఏ ఆధారమూ లేకుండా ఉన్నప్పుడు. అమ్మేవాళ్ళ నోట మొదటి అంకే వస్తుంది, మూడోది అడిగితేనే చెప్తారు, కొన్ని రకాలకి అసలు ఆ గడిలో గీత మాత్రమే ఉంటుంది. ఆ గీతకి అర్థం రాక్‌లో పెట్టొద్దని.

నేను ఈ గీతని పట్టించుకోక దెబ్బతిన్నాను. అప్పట్లో మాకు రాక్‌లు లేవు, తొమ్మిది కాళ్ళవి చవగ్గా వచ్చాయని కొన్నాం, నేల మీద బాగానే నడిచాయి. ఏడాది తర్వాత రాక్‌లు వేయించి, ఉన్న ప్యాలెట్లు ఉండగా కొత్తవెందుకని అవే ఎక్కించాం. మూడో రోజు పొద్దున్న హమాలీ మేస్త్రి పిలిచి, "సార్, మధ్యలో జోలెలా దిగిపోయింది చూడండి" అన్నాడు. ముందు కాళ్ళు ఒక బీము మీద, వెనక కాళ్ళు ఇంకో బీము మీద, మధ్య వరస కాళ్ళు గాల్లో. వంగిన చోట ఫోర్కు దూరదు, కాబట్టి ఆ బస్తాలన్నీ నిచ్చెన వేసి చేత్తో దింపాల్సి వచ్చింది. మిగిల్చిన డబ్బు ఆ కూలికే పోయింది.

ఇంకో చిన్న సంగతి, రాక్ ఉన్నవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాలి. మూడు పట్టీల ప్యాలెట్‌ని పట్టీలు బీములకి అడ్డంగా పడేలా పెట్టాలి, అంటే ఒక్కో పట్టీ ముందు బీము మీదా వెనక బీము మీదా ఆనాలి. బీము వెంబడి పెడితే మధ్య పట్టీకి ఆధారం ఉండదు, పట్టీలున్నా లేనట్టే.

మీ కాగితంతో లెక్క వేద్దాం. 25 కిలోల బస్తాలు, వరసకి ఐదు, ఎనిమిది వరసలు. మొత్తం 40 బస్తాలు, 1000 కిలోలు. నేల మీద నాలుగు ఎత్తు పేరిస్తే అట్టడుగు ప్యాలెట్ మీద నాలుగు టన్నులు పడతాయి, కాబట్టి స్టాటిక్ 4000 ఉన్నది సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. నేనైతే కొనను, ఇంకాస్త పైది తీసుకుంటాను. అదే సరుకు రాక్‌లో పెడితే రాక్ అంకె 1000 దాటాలి, 800 ఉన్నది పనికిరాదు. లోపల ఇనుప గొట్టాలు పెట్టిన రకం అడగండి. ఎందుకంటే బరువు పెడితే ప్లాస్టిక్ ఒక్కరోజులోనే పూర్తిగా వంగదు, రోజులు గడిచేకొద్దీ మెల్లగా సాగుతుంది, వేడికి ఇంకా తొందరగా. మే నెలలో రేకుల షెడ్డులో పైఅర ఎంత వేడెక్కుతుందో పల్నాడు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

చలి సంగతి వేరు. భీమవరం వైపు రొయ్యల కోల్డ్ స్టోరేజీలు మైనస్ 18 డిగ్రీల దగ్గర నడుస్తాయి. అక్కడ పీపీ (పాలీప్రొపిలీన్) ప్లాస్టిక్ పెళుసవుతుంది, ఫోర్కు తగిలితే పెచ్చు ఊడుతుంది, హెచ్‌డీపీఈ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌ది అడగండి. మందుల కంపెనీలైతే పైభాగం జల్లెడలా లేకుండా మూసి ఉన్నది వాడతారు, కడగడం తేలిక. గుంటూరు మిర్చి టిక్కీలకి (బస్తాలకి) మాత్రం గాలి ఆడాలి, జల్లెడ రకమే నయం.

కొలత దగ్గర ఎక్కువ ఆలోచించకండి, మన దగ్గర 1200 × 1000 మిల్లీమీటర్లది మామూలుగా దొరుకుతుంది. ఎగుమతి ఉంటే మాత్రం కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2350 మిల్లీమీటర్లని గుర్తుంచుకోండి: 1200 వైపులు రెండు పక్కపక్కన పట్టవు, ఒకటి అడ్డంగా తిప్పాలి. ఎగుమతికి ప్లాస్టిక్‌తో ఒక లాభం ఉంది. చెక్క ప్యాలెట్‌కైతే ఐఎస్‌పీఎం 15 (చెక్కలో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం) ప్రకారం చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించి ముద్ర వేయించాలి, లేదా మందు పొగ పెట్టించాలి. ప్లాస్టిక్‌కి ఆ తతంగం లేదు.

ఈ వారం పని: వంద కొనేముందు ఒక్కటి తెప్పించండి. రాక్ కింది అరలో పెట్టి మీ అసలు సరుకే ఎక్కించండి, నమూనా బరువులు కాదు. ప్యాలెట్ పక్కన అడుగు అంచు వెంబడి, ముందు బీము వైపు చివర నుంచి వెనక బీము వైపు చివరకి దారం బిగించి కట్టి, మధ్యలో దారం కంటే ఎంత కిందకి దిగిందో స్కేలుతో కొలిచి రాయండి: ఎక్కించగానే ఒకసారి, మర్నాడు మధ్యాహ్నం ఒకసారి, మూడో రోజు ఒకసారి. మూడో అంకె రెండోదాని దగ్గరే ఆగితే సరే, ఇంకా దిగుతూనే ఉంటే వెంటనే సరుకు దింపి ప్యాలెట్ వెనక్కి పంపేయండి. ఆ మూడు అంకెలూ దాచుకోండి, ఐదో పాఠంలో బీముల మధ్య దూరం తేల్చడానికి అవే కావాలి.