రిసీవర్ వెలుగుతోంది, శబ్దం రావడం లేదు: లోపం కనుక్కొని సరిచేసే పద్ధతి

హోమ్ థియేటర్ రిసీవర్‌ను ఆన్ చేస్తే డిస్‌ప్లే వెలుగుతుంది, టీవీలో బొమ్మ కూడా చక్కగా వస్తుంది, అయినా ఒక్క స్పీకరూ పలకదు. ఇలాంటప్పుడు చాలామంది పది పన్నెండు కిలోల ఆ పెట్టెను ఆటోలో వేసుకొని మెకానిక్ దగ్గరకు వెళ్తారు, లేదా బోర్డు పోయిందని తామే తేల్చుకొని కొత్తది కొనే ఆలోచనలో పడతారు. ఆ రెండింటికీ ముందు ఇంట్లోనే ఒక గంట కేటాయించాలని నా విన్నపం. శబ్దానికి ఒక దారి ఉంది. సెట్‌టాప్ బాక్సు నుంచో టీవీ నుంచో కేబుల్ గుండా ఇన్‌పుట్‌కు, అక్కడి నుంచి డిజిటల్ ప్రాసెసర్‌కు, తర్వాత వాల్యూమ్ విభాగానికి, పవర్ యాంప్లిఫయర్‌కు, రిలేకు (స్పీకర్లను యాంప్లిఫయర్‌కు కలిపే, విడదీసే విద్యుత్ స్విచ్), చివరికి వైరు గుండా స్పీకర్‌కు అది చేరుతుంది. ఈ దారిలో శబ్దం ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో తెలియకుండా మూత విప్పితే బాగున్న భాగాలను కూడా పాడుచేసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి లోపం ముందు సగంలో ఉందా, వెనుక సగంలో ఉందా అని తేల్చుకోవడమే మొదటి పని.

అందుకు కావలసిన సాధనం రిసీవర్లోనే ఉంది. సెటప్ మెనూలో స్పీకర్ల విభాగంలోకి వెళ్తే టెస్ట్ టోన్ అనే అంశం కనిపిస్తుంది. దాన్ని నొక్కగానే గాలి వీచినట్లుండే ఒక హోరు ఒక్కో స్పీకర్ నుంచి వరుసగా వినిపించాలి. ఈ హోరు బయటి నుంచి రాదు, రిసీవర్ లోపలే పుడుతుంది, కనుక టీవీతో గానీ కేబుళ్లతో గానీ దీనికి సంబంధం లేదు. అది అన్ని స్పీకర్లలోనూ వినిపించిందంటే ప్రాసెసర్, యాంప్లిఫయర్, రిలేలు, స్పీకర్ వైర్లు అన్నీ బాగున్నట్టే. ఇక మూత విప్పవలసిన అవసరం లేదు, వెతకవలసింది బయటే. టెస్ట్ టోన్ కూడా రాకపోతే లోపం రిసీవర్లోనో స్పీకర్ల వైపో ఉంటుంది. రిసీవర్లో ఎఫ్‌ఎం ట్యూనర్ ఉంటే ఒక స్టేషన్ పెట్టి మరోసారి నిర్ధారించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మెగాహెర్ట్జ్ దగ్గర దొరుకుతుంది.

టెస్ట్ టోన్ రాలేదని కంగారు పడేముందు మూడు నాలుగు చిన్న విషయాలు చూసుకోవాలి. హెడ్‌ఫోన్ సాకెట్లో ఏదైనా పిన్ను ఉండిపోతే స్పీకర్లన్నీ ఆగిపోతాయి. స్పీకర్ ఎ, బి అనే మీటలున్న సెట్లలో దుమ్ము తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఎ ఆగిపోవడం తరచుగా జరిగే పనే. రెండో గదికి శబ్దం పంపే జోన్ 2 ఆన్ అయి, వాల్యూమ్ మీట దానికే పనిచేస్తూ ఉండవచ్చు. వాల్యూమ్ అంకె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా రిసీవర్లు దాన్ని డెసిబెల్‌లలో, రుణ సంఖ్యగా చూపిస్తాయి. అక్కడ సున్నా అంటే నిశ్శబ్దం కాదు, సినిమా హాలు స్థాయి శబ్దం. ఇంట్లో మామూలుగా వినేది −40 నుంచి −20 మధ్య ఉంటుంది, −75 దగ్గర దాదాపు ఏమీ వినిపించదు. 75 అంకె చూసి వాల్యూమ్ బాగానే పెంచామనుకొని సెట్ పాడైందని భావించినవారిని నేను చూశాను.

టెస్ట్ టోన్ వస్తూ టీవీ శబ్దం మాత్రం రాని సందర్భాలే ఎక్కువ. టీవీ నుంచి రిసీవర్‌కు శబ్దాన్ని వెనక్కి పంపే ఆర్క్ సదుపాయం, బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపే హెచ్‌డీఎంఐ పద్ధతి 1.4 వెర్షన్‌తో 2009లో వచ్చింది. అంతకంటే పాత రిసీవర్‌కు ఆ దారే లేదు, దానికి ఆప్టికల్ కేబుల్ విడిగా వేయాలి. కొత్త సెట్లలో కూడా టీవీకి ఉన్న మూడు నాలుగు పోర్టుల్లో సాధారణంగా ఒక్కదానికే ఆర్క్ అని రాసి ఉంటుంది. కేబుల్ ఒక కొన ఆ పోర్టులో, రెండో కొన రిసీవర్ వెనుక ఆర్క్ గుర్తున్న అవుట్ పోర్టులో ఉండాలి. తర్వాత రెండు పరికరాల మెనూల్లోనూ సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా ఒక పరికరం మరోదాన్ని నడిపించే సదుపాయం, ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఇది ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుతో ఉంటుంది. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్‌లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ అంటారు. టీవీ సౌండ్ మెనూలో శబ్దం టీవీ స్పీకర్లకే వెళ్తుంటే దాన్ని ఆడియో సిస్టమ్‌కు మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా శబ్దం లేకపోతే టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌ను పీసీఎంకు, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి, మార్చి చూడాలి. పీసీఎంలో శబ్దం వచ్చి బిట్‌స్ట్రీమ్‌లో (డాల్బీ, డీటీఎస్ వంటి కుదించిన రూపంలో) రాకపోతే సెట్‌లో లోపం లేదు, వస్తున్న ఫార్మాట్‌ను ఆ కేబుల్ మోయలేకపోతోంది లేదా ఆ రిసీవర్ విప్పలేకపోతోంది. ఆప్టికల్ కేబుల్ గుండా రెండు చానళ్ల పీసీఎం గానీ (చానల్ అంటే ఇక్కడ ఒక్కో స్పీకర్‌కు వెళ్లే విడి శబ్దం), డాల్బీ డిజిటల్, డీటీఎస్ వంటి 5.1 ఫార్మాట్లు గానీ వెళ్తాయి, డాల్బీ ట్రూహెచ్‌డీ వంటివి వెళ్లవు. మన ఇళ్లలో తరచుగా ఎదురయ్యే మరో చిక్కు పెన్‌డ్రైవ్ సినిమాలతో వస్తుంది. ఒక సినిమా పలుకుతుంది, పక్కనే ఉన్న మరో సినిమా బొమ్మ మాత్రమే చూపిస్తుంది. ఆ రెండో ఫైల్లో డీటీఎస్ ట్రాక్ ఉండి, టీవీ డీటీఎస్‌ను అంగీకరించకపోవడమే సాధారణంగా దీనికి కారణం. కొత్త టీవీల్లో చాలావాటికి ఆ సదుపాయం తీసేశారు. ఆ ఫైల్‌ను టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కు తగిలించిన మీడియా ప్లేయర్‌లో ఆడిస్తే శబ్దం వస్తుంది.

హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే క్రమం చెదిరిపోవడం వల్ల కూడా శబ్దం పోతుంది. రిమోట్‌తో ఆపినంత మాత్రాన ఇది బాగుపడదు. టీవీ, రిసీవర్, సెట్‌టాప్ బాక్సు మూడింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసి, పది నిమిషాలు ఆగి, ముందు టీవీని, తర్వాత రిసీవర్‌ను, చివర బాక్సును ఆన్ చేయాలి. ఉరుములు మెరుపులతో వాన పడిన మరునాడు శబ్దం పోయిందంటే అనుమానం వేరే ఉండాలి. డిష్ వైరు గుండా వచ్చిన విద్యుత్తు బాక్సును దాటి రిసీవర్ హెచ్‌డీఎంఐ చిప్‌ను కాల్చేస్తుంది. అప్పుడు బాక్సును మరో పోర్టుకు మార్చి చూడాలి, అక్కడా రాకపోతే ఆ బోర్డు సంగతి సర్వీస్ సెంటర్‌కే వదలాలి.

ఇక టెస్ట్ టోన్ కూడా రాని సెట్ సంగతి చూద్దాం. పవర్ ప్లగ్గు తీసేసి, వెనుక ఉన్న స్పీకర్ వైర్లన్నీ విప్పాలి. వైరు కొసన రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి అన్ని చానళ్లనూ ఆపేస్తుంది. సున్నాలు వేయించిన తర్వాత మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. సామాను జరిపినప్పుడు వైరు లాగుడు పడి ఒక పోగు విడిపోయింది, దాన్ని మెలిపెట్టి మళ్లీ బిగించగానే సెట్ పలికింది. విప్పిన వైర్ల కొసల దగ్గర మల్టీమీటర్‌తో ఒక్కో స్పీకర్‌నూ కొలవాలి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో సుమారు 6 ఓమ్‌లు, 4 ఓమ్‌లది మూడు, మూడున్నర ఓమ్‌లు చూపుతుంది. సున్నా దగ్గర చూపితే స్పీకరో వైరో షార్ట్ అయినట్టు, అసలేమీ చూపకపోతే ఎక్కడో తెగినట్టు. మీటర్ లేనివారు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని వైరు కొసలకు క్షణకాలం తాకించవచ్చు. టప్‌మనే చిన్న చప్పుడు వస్తే స్పీకర్‌కు ప్రాణం ఉన్నట్టే.

ఇప్పుడు స్పీకర్లు తగిలించకుండానే రిసీవర్‌ను ఆన్ చేసి చెవి పెట్టి వినాలి. కొన్ని సెకన్లకు లోపలి నుంచి టిక్‌మనే చప్పుడు రావాలి, అది స్పీకర్ రిలే పడిన చప్పుడు. వైద్యుడు నాడి చూసినట్టు ఈ ఒక్క చప్పుడుతో చాలా సంగతులు తెలుస్తాయి. అసలు టిక్ రాకపోయినా, టిక్‌మని వెంటనే సెట్ ఆగిపోయినా, డిస్‌ప్లేలో ప్రొటెక్ట్ అని కనిపించినా యాంప్లిఫయర్ చానళ్లలో ఏదో ఒకటి దెబ్బతిని, రక్షణ సర్క్యూట్ అడ్డుపడుతోందని అర్థం. టిక్ వచ్చి సెట్ నిలబడినా, ప్లగ్గు తీసి బాగున్న స్పీకర్లను మళ్లీ తగిలించాక కూడా శబ్దం లేకపోతే హెడ్‌ఫోన్ పెట్టి చూడాలి. ప్రీ-అవుట్ సాకెట్లు (పవర్ యాంప్లిఫయర్‌కు ముందే శబ్దాన్ని బయటికి ఇచ్చేవి) ఉంటే వాటిని మరో యాంప్లిఫయర్‌కు కలిపి చూడాలి. వాటిలో శబ్దం వస్తోంటే లోపం పవర్ విభాగంలోనో రిలేలోనో ఉంది. అక్కడ కూడా రాకపోతే ప్రాసెసర్ గానీ, దానికీ వాల్యూమ్ విభాగానికీ వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్లు గానీ పోయి ఉంటాయి. ఏడు చానళ్ల యాంప్లిఫయర్లు ఏడూ ఒకే రోజు చెడిపోవు కదా. అన్నీ ఒక్కసారే మూగబోయాయంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడిందని లెక్క వేసుకోవాలి.

ఇక్కడివరకు ఎవరైనా చేయవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేది సోల్డరింగ్, మల్టీమీటర్ చేతికి అలవాటైనవారికి మాత్రమే. మిగిలినవారు పై పరీక్షల ఫలితాలను కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వాలి. శబ్దం రావడం లేదని మాత్రమే చెప్పడం కంటే, రిలే పడుతోంది, హెడ్‌ఫోన్‌లో వస్తోంది, స్పీకర్లు కొలిచాము, బాగున్నాయి అని చెబితే అవసరం లేని భాగాలకు డబ్బు పెట్టే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. వారంటీ ఉన్న సెట్‌ను ఎవరూ విప్పకూడదు.

ప్లగ్గు తీసినా రిసీవర్ లోపల ప్రమాదం అలాగే ఉంటుంది. పవర్ సప్లై దగ్గర డబ్బాల్లా కనిపించే రెండు పెద్ద కెపాసిటర్లు ఒక్కొక్కటి 10,000 మైక్రోఫారడ్ల వరకు ఉండి, 40 నుంచి 60 వోల్టుల చార్జిని నిలుపుకొని ఉంటాయి. 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకొని ఒక్కో కెపాసిటర్ కాళ్ల మధ్య పది సెకన్లు ఉంచి, తర్వాత మీటర్‌తో కొలిచి, వోల్టేజీ పోయిందని నిర్ధారించుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా పెట్టి మెరుపు వచ్చేలా షార్ట్ చేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. దానివల్ల కెపాసిటర్ దెబ్బతింటుంది, కళ్లకూ ప్రమాదం. దయచేసి ఆ పని చేయవద్దు.

మూత తీశాక ముందు చూపుతోనే వెతకాలి. వెచ్చదనం కోసం చీలికల గుండా దూరిన బల్లి బోర్డు మీద చచ్చిపడి షార్ట్ చేయడం మన ఊళ్లలో అరుదేమీ కాదు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి, ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడిన రెసిస్టర్లు, సాకెట్ నుంచి కాస్త లేచిన రిబ్బన్ కేబుళ్లు ఉన్నాయేమో చూడాలి. కాలిపోయిన ఫ్యూజు కనిపిస్తే అదే రేటింగ్‌ది వేయాలి, తీగ చుట్టడం ఎంతమాత్రం పనికిరాదు. కొత్త ఫ్యూజు కూడా పోతే, లేదా సెట్ ప్రొటెక్ట్‌లోకి వెళ్తుంటే, హీట్‌సింకుకు బిగించిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను మీటర్ డయోడ్ స్థానంలో పెట్టి కొలవాలి. కలెక్టర్, ఎమిటర్ల మధ్య రెండు దిక్కులా సున్నా చూపినది షార్ట్ అయినట్టు. ఆ చానల్ జంటను రెండింటినీ మార్చాలి, దాని వెనుక ఉన్న డ్రైవర్ ట్రాన్సిస్టర్లనూ, ఎమిటర్ రెసిస్టర్లనూ కూడా పరీక్షించాలి, లేకపోతే కొత్తవి ఆన్ చేసిన క్షణంలోనే పోతాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల విడి భాగాలు దొరుకుతాయి, అయితే పవర్ ట్రాన్సిస్టర్లలో నకిలీలు ఎక్కువ కాబట్టి నమ్మకమైన దుకాణంలోనే కొనాలి.

శబ్దం తక్కువ వాల్యూమ్‌లో పోతూ, బాగా పెంచగానే ఒక్కసారి తెరుచుకుంటే, లేదా పెట్టె మీద తడితే వస్తూ పోతూ ఉంటే అది రిలే కాంటాక్టులకు పట్టిన మసి. ఉప్పుగాలి ఉండే విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో దీన్ని మొదటే అనుమానించాలి. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి కొన్నాళ్లకే మళ్లీ మొరాయిస్తుంది. అదే కాయిల్ వోల్టేజీ, అదే కాళ్ల అమరిక ఉన్న కొత్త రిలే వేయడమే శాశ్వత పరిష్కారం, ఖర్చు కూడా తక్కువే. రిలే బాగుండి, హెడ్‌ఫోన్‌లో కూడా శబ్దం లేకపోతే రెగ్యులేటర్ల కాళ్ల దగ్గర వోల్టేజీలు చూడాలి. బోర్డు మీద ప్లస్ 12, మైనస్ 12 అని రాసి ఉన్న చోట ఒకటి ఉండి రెండోది లేకపోతే దొంగ దొరికినట్టే. సాధారణంగా దాని దారిలో ఉన్న ఫ్యూజబుల్ రెసిస్టర్ తెగి ఉంటుంది. డిజిటల్ ప్రాసెసర్ చిప్పే పోయి ఉంటే మాత్రం ఇంట్లో బాగుచేయలేము. చాలా సెట్లలో దాని కాళ్లు అడుగున గుండ్రటి టంకం చుక్కలుగా ఉంటాయి. హీట్ గన్‌తో వేడిచేస్తే కొన్ని రోజులు పలికి మళ్లీ ఆగిపోతుంది. ఆ చిప్ వేడికే త్వరగా చెడుతుంది కాబట్టి, రిసీవర్ మీద సెట్‌టాప్ బాక్సు పెట్టడం, గుడ్డ కప్పడం మొదటి నుంచీ మానుకోవాలి.

మరమ్మతు అయ్యాక ప్లగ్గును నేరుగా గోడలో పెట్టకూడదు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలిపి, దాని గుండా కరెంటు ఇవ్వాలి. అమెరికా నుంచి తెచ్చుకున్న సెట్ అయితే వెనుక 120 వోల్టులు అని రాసి ఉంటుంది, దాన్ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టులకు తగిలించవద్దు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది, వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది. మందగించాక బల్బు తీసేసి, స్పీకర్లు లేకుండా ఒక్కో స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ వోల్టేజీ కొలవాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు, 100 దాటితే ఆ చానల్‌ను మళ్లీ చూడాలి. తర్వాత పాత స్పీకర్ ఒకటి తగిలించి, చిన్న వాల్యూమ్‌లో ఒక్కో చానల్‌కూ టెస్ట్ టోన్ పంపి, ఒక గంట నడిపి, సెట్ వేడెక్కాక అదే కొలత మరోసారి తీసుకోవాలి. ఆ అంకె నిలకడగా ఉంటేనే మంచి స్పీకర్లను కలపాలి.