వైజాగ్‌లో కారు పోయిందా? మొదటి గంట నుంచి కారో డబ్బో చేతికొచ్చేదాకా ఏం చేయాలి

పెట్టిన చోట కారు లేదు. సరే, ముందు అది నిజంగా దొంగతనమేనా అన్నది పది నిమిషాల్లో తేల్చేయండి, ఎందుకంటే కాకపోవడానికి కూడా చాలా దారులున్నాయి.

జగదాంబ, డాబాగార్డెన్స్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల నో పార్కింగ్‌లో పెట్టుంటే ట్రాఫిక్ వాళ్ళు క్రేన్‌తో ఎత్తుకెళ్ళుండొచ్చు, పక్కన టీ కొట్టు వాళ్ళని అడిగితే వాళ్ళకి కచ్చితంగా తెలుస్తుంది, లేదంటే ఆ ఏరియా ట్రాఫిక్ స్టేషన్‌కి ఫోన్ కొట్టండి. కిస్తీలు రెండు మూడు నెలలు ఆగిపోయి ఉంటే ఫైనాన్స్ వాళ్ళు తీసుకుపోయుండొచ్చు, మొహమాటపడకుండా వాళ్ళకి కాల్ చేసి కనుక్కోండి. ఇంట్లో రెండో తాళం ఉందో లేదో చూడమనండి, ఏ బావమరిదో చెప్పకుండా భీమిలి పట్టుకెళ్ళాడేమో ఎవరికి తెలుసు. ఇక ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు అయితే, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర పెట్టి వైఎంసీఏ దగ్గర వెతుక్కునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నవ్వుకోండి గానీ ఒకసారి అటూ ఇటూ నడిచి చూడండి.

ఇవేవీ కాదు అని తేలిందా, ఇక వెతుకుడు ఆపేయండి. బండేసుకుని మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా సందు సందూ తిరగడం వల్ల కారు దొరకదు, టైమ్ పోతుంది. మీ పని ఒక్కటే: కారు ఫలానా టైమ్ నుంచి మీ చేతిలో లేదు అని చెప్పే కాగితం ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా పుట్టించడం. కారు దొరికినా, దొరక్కపోయినా, ఎక్కడో ఏదో కేసులో ఇరుక్కున్నా మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

మొదట 112

అక్కడి నుంచే 112కి కొట్టండి (100 కొట్టినా పర్లేదు). నంబర్, మోడల్, రంగు, చివరిసారి ఎన్నింటికి చూశారు, కారు మీద గుర్తుపట్టే గీతలు గానీ స్టిక్కర్లు గానీ ఉంటే అవి, అంతే, కథంతా చెప్పొద్దు. ఇది ఎందుకు అర్జెంటు అంటే వైజాగ్ నుంచి బయటపడే రోడ్లు తక్కువే. హైవే మీద ఉత్తరానికి పోతే ఆనందపురం దాటి నాతవలస టోల్, దక్షిణానికి పోతే అనకాపల్లి దాటి వేంపాడు టోల్, పడమరకి పెందుర్తి, ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కి అటు ఒడిశా. పైగా ఇప్పుడు సబ్బవరం మీదుగా అనకాపల్లి–ఆనందపురం ఆరు లైన్ల రోడ్డు ఉంది కాబట్టి ఎటు నుంచి ఎటైనా సిటీలోకి రాకుండానే పోవచ్చు. గంట, గంటన్నర లోపల మెసేజ్ వెళ్తే ఆపే ఛాన్స్ ఉంటుంది, రాత్రి పోయింది అనుకుని పొద్దున్న పదింటికి తీరిగ్గా స్టేషన్‌కి వెళ్తే ఆపాటికి నంబర్ ప్లేట్ కూడా మారిపోయి ఉంటుంది.

కారు ఉన్న చోట నేల మీద అద్దం ముక్కలు, పడేసిన పైపో వైరో కనిపిస్తే తొక్కకండి, ముట్టుకోకండి, ఫొటో తీసి వదిలేయండి.

ఫాస్టాగ్ బ్లాక్ చేయొద్దు, కనీసం మొదటిరోజే వద్దు

చాలామంది కంగారులో చేసే మొదటి పని ఇదే, డబ్బులు పోతాయని బ్యాంక్‌కి ఫోన్ చేసి ట్యాగ్ బ్లాక్ చేయించేస్తారు. అయ్యా, ఆ కారు ఏదైనా టోల్ దాటితే మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఏ ప్లాజా, ఎన్నింటికి అని, వంద రూపాయలకి అంతకంటే మంచి ఆచూకీ ఎక్కడ దొరుకుతుంది? మెసేజ్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకి పంపండి, ప్లాజాల్లో కెమెరాలుంటాయి కాబట్టి లోపల ఎవరున్నారో కూడా తెలియొచ్చు. ట్యాగ్ పీకి పడేసే దొంగలూ ఉంటారనుకోండి, అయినా చూడ్డానికి పోయేదేం లేదు. ఎప్పుడు బ్లాక్ చేయాలో కేసు చూసే ఆఫీసర్‌ని అడిగి చేయండి.

అలాగే కారులో ఫోనో ట్యాబో వదిలేశారా? గూగుల్‌లోనో యాపిల్‌లోనో లొకేషన్ చూడండి. హ్యుందాయ్ బ్లూలింక్ లాంటి కనెక్టెడ్ యాప్ ఉంటే కస్టమర్ కేర్‌కి చెప్పండి, దొంగతనం అయిన బండిని ట్రాక్ చేయడం, ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ అవ్వకుండా ఆపడం లాంటివి వాళ్ళ వైపు నుంచి చేయగలరు, సాధారణంగా ఎఫ్ఐఆరో పోలీసుల మాటో అడుగుతారు. లొకేషన్ కనిపించింది కదా అని నలుగురు ఫ్రెండ్స్‌ని వేసుకుని మీరే వెళ్ళిపోకండి, అటువైపు ఎవరున్నారో మీకు తెలీదు. ఆ లింక్ పోలీసులకి ఇవ్వండి, వాళ్ళతో పాటే వెళ్ళండి.

ఎఫ్ఐఆర్, అదే రోజు

కారు ఎక్కడ పోయిందో ఆ ఏరియా స్టేషన్, అంటే ఎంవీపీలో పోతే ఎంవీపీ, ద్వారకానగర్‌లో పోతే ద్వారకా, అలాగన్నమాట. మా లిమిట్స్ కాదు, పక్క స్టేషన్‌కి వెళ్ళండి అంటే జీరో ఎఫ్ఐఆర్ (ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని సంబంధిత స్టేషన్‌కి పంపేది) రాసుకోమనండి, 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 173 సెక్షన్‌లో ఎక్కడ నేరం జరిగినా సమాచారం తీసుకోవాలనే ఉంది. ఆన్‌లైన్లో ఇచ్చినా తీసుకుంటారు కానీ మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. కాపీ మీకు ఫ్రీగా ఇవ్వాలి, అది కూడా అదే సెక్షన్‌లో ఉంది. దొంగతనానికి వేసేది మామూలుగా బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 303(2), పాత ఐపీసీ 379 అన్నమాట, చాలామంది పెద్దవాళ్ళు ఇంకా 379 కేసు అనే అంటారు.

కంప్లైంట్ ఒకటిన్నర పేజీ చాలు. ఎవరి పేరు మీదుంది, రిజిస్ట్రేషన్ నంబర్, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ (ఆర్‌సీ కారులోనే ఉండిపోతే డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో తీసుకోండి), ఎక్కడ పెట్టారు, లాక్ చేశారా, తాళాలు ఎన్ని ఉన్నాయి, ఎన్నింటికి చూశారు, ఎన్నింటికి లేదని తెలిసింది, లోపల ఏమేం ఉన్నాయి. ప్లేట్ మార్చడం ఐదు నిమిషాల పని కాబట్టి ఛాసిస్ నంబర్ ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకోండి, 17 అక్షరాల్లో ఒక్కటి తప్పు పడినా రేపు వేరే జిల్లాలో దొరికినప్పుడు మ్యాచ్ అవ్వదు. ఆ నంబర్ గీకేసినా ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కెమికల్ వేసి పాత అంకెలు పైకి తెప్పించగలరు, అంచేత దొంగ గీకేశాడు కదా ఇక అయిపోయింది అనుకోనక్కర్లేదు.

"రెండు రోజులు చూద్దాం సార్, దొరుకుతుందిలే" అని చెప్పి పంపేస్తే? గొడవ పడకండి, అదే కంప్లైంట్ స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనరేట్‌కి పంపండి, ఆ రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టు, బీఎన్ఎస్ఎస్ 175(3) కింద, దానికి మాత్రం లాయర్ ఉంటే మంచిది.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే మన దగ్గర ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది, గంజాయి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి సరుకు దింపేవాళ్ళు దొంగ బండ్లు, దొంగ ప్లేట్లు వాడటం కొత్తేం కాదు. మీ కారు అలా పట్టుబడితే ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం 60వ సెక్షన్ కింద బండి జప్తు అయిపోవచ్చు, నాకు తెలీకుండా వాడారు అని నిరూపించుకోవాల్సింది ఓనరే. పట్టుబడ్డ తేదీకి ముందే మీ ఎఫ్ఐఆర్ ఉంటే మాట ఒకలా ఉంటుంది, పట్టుబడ్డాక వెళ్ళి నాది పోయింది అంటే ఇంకోలా ఉంటుంది, అర్థమైంది కదా. ఎవర్నైనా గుద్ది వెళ్ళిపోయినా అంతే.

సీసీటీవీ: ఇక్కడ మాత్రం మీరు తిరగాల్సిందే

పోలీసుల కెమెరాలు జంక్షన్లలో ఉంటాయి, వాటిని వాళ్ళు చూసుకుంటారు. కానీ మీ వీధిలో మెడికల్ షాపు, ఎదురు అపార్ట్‌మెంట్, మూల మీద ఏటీఎం, ఇవన్నీ ప్రైవేటువి, వీటిలో రికార్డింగ్ కొన్ని రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. అందుకని అదే రోజు వెళ్ళి "బాబూ, ఫలానా టైమ్ ఫుటేజ్ చెరిపేయకుండా ఉంచండి" అని బతిమాలుకోండి, వీలైతే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయించుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, చాలా డీవీఆర్‌లలో (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె) గడియారం తప్పుగా ఉంటుంది, పావుగంట ముందో వెనకో. స్క్రీన్ మీద టైమ్, మీ ఫోన్లో టైమ్ రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి పెట్టుకోండి, లేకపోతే పక్క జంక్షన్ ఫుటేజ్‌తో లెక్క కుదరక ఆఫీసర్‌కి పిచ్చెక్కుతుంది. డీవీఆర్‌ని పీకి ఇంటికి తెచ్చేసుకోవద్దు, కోర్టుకి కావాల్సిన సర్టిఫికెట్, స్వాధీనం అవన్నీ పోలీసుల పని.

గ్రూపుల్లో పెట్టండి, పెట్టొద్దనను, కారు ఫొటో, నంబర్, స్టేషన్ నంబర్ వరకే. ఆర్‌సీ ఫొటో, మీ సొంత నంబర్ పెడితే "మీ బండి మా దగ్గరుంది సార్, డీజిల్‌కి ఐదువేలు ఫోన్‌పే కొట్టండి" అని ఎక్కడెక్కడి నుంచో కాల్స్ మొదలవుతాయి. పైసా పంపకండి, ఆ నంబర్ పోలీసులకి ఇవ్వండి, ఒకవేళ పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

ఇన్సూరెన్స్

ముందు మీ పాలసీ తీసి చూసుకోండి. ఒట్టి థర్డ్ పార్టీ అయితే దొంగతనానికి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ గానీ, ఓన్ డ్యామేజ్ గానీ ఉండాలి. ఉంటే ఎఫ్ఐఆర్ అయిన రోజే టోల్ ఫ్రీకి చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, ఒక మెయిల్ కూడా కొట్టండి. కాస్త లేటయిందని మొత్తం ఎగ్గొట్టడానికి లేదు, ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టుంటే కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తీసేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు గుర్‌షిందర్ సింగ్ కేసులో చెప్పింది. అలాగని లేటు చేయకండి, తీర్పు పట్టుకుని కన్జ్యూమర్ కమిషన్ చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది.

కంపెనీ ఒక ఇన్వెస్టిగేటర్‌ని పంపిస్తుంది, అతను అడిగే మొదటి మాట: రెండు తాళాలూ ఇవ్వండి. ఒకటి పోయి ఉంటే అది ఎప్పుడు పోయిందో, డూప్లికేట్ ఎక్కడ చేయించారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి టిఫిన్ పార్సిల్‌కి దిగినప్పుడు పోయిన కేసుల్లోనే గొడవంతా, జాగ్రత్త తీసుకోలేదు అని తిప్పి పంపుతారు, పాలసీ షరతు తప్పిన కేసుల్లో నాన్-స్టాండర్డ్ (పూర్తిగా కాకుండా కొంత కోసి ఇచ్చేది) కింద 75 శాతం దాకా ఇప్పించిన తీర్పులు ఉన్నాయి. ఏదైనా సరే పోలీసులకి ఒక మాట, ఇన్వెస్టిగేటర్‌కి ఇంకో మాట మాత్రం చెప్పొద్దు.

వచ్చేది కొన్న రేటు కాదు, పాలసీలో రాసిన ఐడీవీ, అంటే తరుగు తీసేసి కంపెనీ లెక్కగట్టిన కారు విలువ. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళలోపు కారుకి 40 శాతం తరుగు తీస్తారు, అంటే 10 లక్షల బండికి సుమారు 6 లక్షలు. రిటర్న్ టు ఇన్వాయిస్ అనే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే ఇన్వాయిస్ రేటు. లోన్ ఉంటే బ్యాంక్ బాకీ ముందు కట్ అవుతుంది, మిగిలింది మీకు, మరి అప్పటిదాకా కిస్తీ కట్టాల్సిందే, కారు లేదు కదా అని ఆపితే సిబిల్ పోతుంది.

డబ్బు రావాలంటే కారు దొరకలేదు అని పోలీసులు కోర్టులో వేసే ఫైనల్ రిపోర్ట్ కావాలి, దీన్నే అందరూ అన్‌ట్రేస్డ్ సర్టిఫికెట్ అంటారు. నెలలు పడుతుంది. మధ్యలో ఊరికే కూర్చోకుండా, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి చెప్పాలని బీఎన్ఎస్ఎస్ 193లో ఉందని గుర్తుచేస్తూ ఒక అర్జీ పెట్టండి, మర్యాదగానే. దాంతోపాటు ఆర్‌సీ, ఫారం 28, 29, 30 (బండిని వేరేవాళ్ళ పేరు మీదకి మార్చే కాగితాలు) మీద సంతకాలు, లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీలోంచి తీసేయించే ఫారం 35, ఇవి కంపెనీ ఎలాగూ అడుగుతుంది. అన్యాయంగా తిప్పి పంపితే ముందు కంపెనీ గ్రీవెన్స్, తర్వాత ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ) వారి బీమా భరోసా (155255), ఆపైన హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, మనకీ అదే.

దొరికితే

మంచి వార్తే కానీ స్టేషన్‌కి వెళ్ళి తాళం పట్టుకుని వచ్చేయడం కుదరదు, అది కేసు ప్రాపర్టీ. వేరే రాష్ట్రంలో దొరికితే అక్కడి కోర్టుకే వెళ్ళాల్సి రావచ్చు. మధ్యంతర కస్టడీ కోసం మెజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయాలి, బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఎఫ్ఐఆర్, ఆధార్ జతచేసి. పూచీకత్తు రాయించుకుని, ఫొటోలు తీసి ఇస్తారు, అడిగినప్పుడు తీసుకురావాలి, పర్మిషన్ లేకుండా అమ్మకూడదు, రంగు మార్చకూడదు అని షరతులు ఉంటాయి. స్టేషన్ ఆవరణలో బండ్లని ఎండకీ వానకీ కుళ్ళబెట్టొద్దని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మీ లాయర్ ఎలాగూ దాన్నే చూపిస్తాడు. మన సముద్రపు గాలికి ఆరు నెలలు బయట ఉంటే అడుగున ఏం మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. క్లెయిమ్ డబ్బు ఇప్పటికే తీసేసుకుని ఉంటే మాత్రం ఆ కారు ఇక కంపెనీది, దొరికిందని తెలిస్తే వాళ్ళకి చెప్పేయాలి.

చేతికొచ్చాక మొదట షోరూంలో పాత తాళాలు క్యాన్సిల్ చేయించి కొత్తవి ప్రోగ్రాం చేయించండి, లేకపోతే అదే తాళంతో మళ్ళీ వస్తాడు. ఫాస్టాగ్ మార్చండి. సీట్ల కింద, డోర్ ప్యానెళ్ళలో మీవి కానివి ఏమైనా కనిపిస్తే మీరు తీయకండి, ఆఫీసర్‌ని పిలిచి ఆయన ముందే తీయించండి. తర్వాత ఈ-చలాన్ సైట్‌లో మీ నంబర్ కొట్టి చూడండి, కారు దొంగ దగ్గరున్న రోజుల్లో హెల్మెట్ తప్ప మిగతా చలాన్లన్నీ పడి ఉండొచ్చు, వాటి తేదీలు ఎఫ్ఐఆర్ తేదీ తర్వాతవి అయితే కాపీ పట్టుకెళ్ళి ట్రాఫిక్ ఆఫీసులో రద్దు చేయమని అర్జీ ఇవ్వండి, కంగారుపడి ముందే కట్టేయకండి.